యంత్రంలో పాతర

కొత్తగా లాప్‌టాప్ కొన్న ప్రతి యింట్లోనూ మొదటిరోజు ఒక చిన్న తగవు జరుగుతుంది. అట్టపెట్టె మీద 512 గిగాబైట్లు అని అచ్చువేసి వుంటుంది. తీరా తెరిచి చూస్తే యంత్రం 476కు మించి చూపించదు. అందులోనూ మనం వాడుకోవడానికి మిగిలేది యింకా తక్కువ. "దుకాణంవాడు కొలత తగ్గించాడు" అని యింటాయన, "ముందే అడగవలసింది" అని యిల్లాలు, "అది అంతేలెండి" అని కాలేజీలో చదివే కుర్రవాడు.

దుకాణంవాణ్ణి అనవలసిన పని లేదు. తేడాలో పెద్దపాలు కొలతపాత్రది. పూర్వం ఒక వూరి కుంచానికీ పక్కవూరి కుంచానికీ సరిపోయేది కాదు గదా! యిక్కడా అంతే. డిస్కు తయారుచేసేవారు వెయ్యిని వెయ్యిగానే లెక్కవేస్తారు. విండోస్ 1024ను ఒక వెయ్యిగా కొలుస్తుంది. గిగాబైట్ల దాకా వచ్చేసరికి ఆ తేడా పెరిగి పెరిగి, 512 కాస్తా 476 అవుతుంది. కాని ఆ పైన కనబడే తరుగు మాత్రం కొలతది కాదు. ఆ చోటు నిజంగానే డిస్కులో వున్నది. మన కంటపడకుండా దాచిపెట్టారు.

అలా దాచినవాటిలో ముఖ్యమైనదాని పేరు రికవరీ పార్టిషన్. నేను దాన్ని పాతర అంటాను. యీ కాలపు పిల్లలకు పాతర అంటే తెలియకపోవచ్చు. వెనుకటి రోజుల్లో రైతుల యిళ్లల్లో వాకిట్లోనో పెరట్లోనో లోతుగా గొయ్యి తవ్వి, అడుగునా చుట్టూ గడ్డి పరిచి, ధాన్యం పోసి, పైన మట్టి కప్పి అలికేసేవారు. కొత్తవాడు ఆ వాకిట్లో నడిచివెళ్లినా, కాలి క్రింద పంట వున్నదని తెలుసుకోలేడు. రోజూ దాని జోలికి యెవరూ పోరు. కరువు వచ్చిన యేడు తెలుస్తుంది, దాన్ని తవ్వించిన తాత యెంత తెలివైనవాడో!

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. గణయతిప్రాసలు నా వృత్తిగాని యంత్రాలు నా వృత్తి కావు. అయినా కొన్నేళ్లుగా మా యింట్లో ఒకే కంప్యూటరులో విండోస్, లినక్స్ రెండూ కాపురం వుంటున్నాయి. మా వీధిలోనూ, మా కాలేజీలోనూ అటువంటి యిళ్లు పెరుగుతున్నాయి. ఒక వాకిట్లో రెండు కాపురాలు వున్నప్పుడు ఆ పాతర యెవరిది, దానివల్ల యెంత మేలు, యెక్కడితో దాని మేలు ఆగిపోతుంది అనేది ప్రతి గృహస్థూ తెలుసుకోదగిన విషయం. శాస్త్రం కోసం కాదు. మనం రాసుకున్నదీ, దాచుకున్నదీ నిలబడటం కోసం.

రెండు కాపురాలు యెందుకు?

కంప్యూటరును నడిపించే మూలవ్యవస్థలు రెండింటిని ఒకే డిస్కులో పెట్టుకుని, మీట నొక్కగానే "యే తలుపు తెరవమంటారు?" అని అడిగించుకోవడాన్ని డ్యూయల్ బూట్ అంటారు. యిది సరదాకి చేసే పని కాదు. మా యింటి సంగతే చెబుతాను. నా పాత వ్యాసాలన్నీ అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో వున్నవి. తెలుగు అచ్చు ప్రపంచంలో చాలాకాలం ఆ జంటదే రాజ్యం. మా యింట్లో అవి విండోస్ మీదనే సుఖంగా వుంటాయి. మా అమ్మాయి యింజనీరింగు చదువుకు లినక్స్ కావాలి. రెండు యంత్రాలు కొనే స్తోమత అన్ని యిళ్లకూ వుండదు. అందుకని ఒక యంత్రంలోనే వాటాలు వేశాం.

మరో కారణం కూడా యీమధ్య వచ్చిపడింది. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్టువారు విండోస్ 10కు మామూలు పోషణ ఆపివేశారు. విండోస్ 11కు నోచుకోని పాత యంత్రాలు మన యిళ్లల్లో బోలెడు వున్నవి. వాటిని పాతసామానువాడికి వెయ్యడం యిష్టంలేనివారు, పాత విండోస్‌ను ఒక గదిలో వుంచి, యింటర్నెట్టు పనులకు లినక్స్‌ను మరో గదిలో ప్రవేశపెడుతున్నారు.

యీ లినక్స్ 1991లో పుట్టింది. హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న 21 యేళ్ల లైనస్ టోర్వాల్డ్స్ దీన్ని మొదలుపెట్టాడు. ఆయన కంప్యూటరులోనూ అప్పట్లో రెండు కాపురాలే. ఒకవైపు మినిక్స్ అనే వ్యవస్థ, మరోవైపు తాను రాస్తున్న కొత్త వ్యవస్థ. విశ్వవిద్యాలయానికి ఫోను కలపమని మోడెముకు పంపవలసిన ఆజ్ఞ ఒకరోజు పొరపాటున డిస్కుకు వెళ్లి, మినిక్స్ వాటా పాడైందని ఆయనే తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. దాన్ని మళ్లీ నిలబెట్టే బదులు, ఆయన తన లినక్స్‌తోనే సరిపెట్టుకున్నాడట. లినక్స్ పుట్టిల్లే అలాంటిది. ఒక వాకిట్లో రెండు కాపురాలు వుంటే ఒకటి చేసిన పని రెండోదానికి తగలవచ్చునన్న సంగతి ఆనాడే తేలిపోయింది.

పంపకాల పుట్టుక

డిస్కును వాటాలు వేసే పద్ధతి కూడా యీ వుద్దేశంతోనే వచ్చింది. 1983లో ఐబీఎంవారి పీసీ ఎక్స్‌టీ అనే యంత్రం 10 మెగాబైట్ల డిస్కుతో బజారులోకి వచ్చింది. యీనాటి సెల్‌ఫోనుతో తీసిన రెండు మూడు ఫొటోలకు సరిపోయేటంత చోటు! దానితో వచ్చిన డాస్ 2.0 ఆ డిస్కును నాలుగు వాటాల దాకా పంచుకోనిచ్చింది. ఒకే డిస్కులో వేరువేరు వ్యవస్థలు కాపురం చేయడానికే ఆ యేర్పాటు.

ఆ నాలుగు వాటాల లెక్క చాలాకాలం నడిచింది. విండోస్ 7 రోజుల్లో చాలా లాప్‌టాప్‌లు నాలుగు వాటాలూ నింపుకునే దుకాణంలోకి వచ్చేవి. లినక్స్‌కు చోటు కావాలంటే యేదో ఒకటి తీసివేయాలి. మొదట వేటు పడేది పాతరమీదనే. రోజూ వుపయోగపడేది కాదు గదా! యిప్పటి యంత్రాలకు ఆ యిరుకు లేదు. కొత్త పద్ధతిలో విండోస్ 128 వాటాల దాకా వేయనిస్తుంది. కాబట్టి లినక్స్ కోసం పాతర పూడ్చవలసిన అవసరం నేడు లేదు. అయినా పూడ్చేవారు వున్నారు. కొందరు చోటు కోసం, కొందరు అదేమిటో తెలియక.

పాతరలో యేముంది?

పాతరలు రెండు రకాలు. మొదటిది విండోస్ తనకు తానే తవ్వుకునేది. దాదాపు 500 మెగాబైట్ల నుంచి ఒక గిగాబైటు దాకా వుంటుంది. అందులో ఒక చిన్న విండోస్ నిద్రపోతూ వుంటుంది. పెద్ద విండోస్ వరసగా లేవలేకపోయినప్పుడు యిది తనంతటతానే లేచి, నీలపు తెరమీద "యేం చేయమంటారు?" అని అడుగుతుంది. మొదలు కావడంలోని చిక్కును సరిచేయమనవచ్చు. నిన్న వేసుకున్న నవీకరణను వెనక్కి తీయమనవచ్చు. లేదా విండోస్‌నే తిరిగి నాటమనవచ్చు.

రెండోది యంత్రం తయారుచేసినవారు తవ్వేది. పూర్వం యంత్రంతోపాటు సీడీలు యిచ్చేవారు. తరవాత ఆ ఖర్చు మానుకుని, అదే సరుకును డిస్కులోనే ఒక మూల దాచారు. యిది పెద్దది. పది, యిరవై గిగాబైట్లు కూడా వుండవచ్చు. కొన్ని కంపెనీల యంత్రాల్లో మీట నొక్కగానే ఎఫ్ 11, కొన్నింటిలో ఎఫ్ 9, కొన్నింటిలో ఆల్ట్‌తో కలిపి ఎఫ్ 10 నొక్కితే దీని మూత తెరుచుకుంటుంది. యంత్రం దుకాణంలో వున్ననాటి స్థితికి వెళ్లిపోతుంది. "దుకాణంలో వున్ననాటి స్థితి" అన్న మాటను పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. దాని సంగతికి మళ్లీ వస్తాను.

అక్కరకు వచ్చిన రోజులు

యీ పాతర విలువ ప్రపంచమంతటికీ ఒకేరోజు తెలిసిన సందర్భం వున్నది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణసంస్థ పంపిన ఒక దోషపు ఫైలువల్ల విండోస్ యంత్రాలు లేవలేక పడిపోయాయి. వాటి సంఖ్య సుమారు 85 లక్షలని మైక్రోసాఫ్టువారు అంచనా వేశారు. ఆస్పత్రులు, బ్యాంకులు, విమానాశ్రయాలు తల్లడిల్లాయి. మన హైదరాబాదు విమానాశ్రయంలో కలకత్తా వెళ్లే ప్రయాణికుడికి చేత్తో రాసి యిచ్చిన బోర్డింగ్ పాసు ఫొటోను ఆ రోజు లోకమంతా చూసింది. అప్పుడు చేసిన చికిత్స యేమిటి? చాలా యంత్రాల్లో ఒక్కటే. పాతరలోని చిన్న విండోస్‌ను లేపి, దాని సాయంతో ఆ ఒక్క ఫైలును చెరిపివేయడం. పాతర వున్న యంత్రం దగ్గర మనిషి కూర్చుంటే కొద్దిసేపటి పని. లేనిచోట బయటినుంచి పెన్‌డ్రైవ్ తెచ్చుకోవలసిందే.

అంత దూరం యెందుకు, మా వీధిలోనే చూశాను. మా పక్కింటి అమ్మాయికి యింజనీరింగు కౌన్సెలింగులో కాలేజీల వరస యెంచుకోవడానికి ఆ రోజే ఆఖరు. రాత్రి నవీకరణ వేసుకున్న విండోస్ తెల్లవారి లేవనంది. తిరుగుతుంది, ఆరిపోతుంది, మళ్లీ తిరుగుతుంది. వాళ్లమ్మగారు పరుగెత్తుకు వచ్చారు.

"మాస్టారూ, కంప్యూటరు పోయిందండీ! యివాళే ఆఖరు తేదీ."

"పోలేదమ్మా. రెండో తలుపు తెరిచి ముందు పిల్ల పని కానివ్వండి. తరవాత దీని సంగతి చూద్దాం."

ఆ అమ్మాయి లినక్స్ తలుపు తెరిచి, అరగంటలో తన కాలేజీల వరస నింపేసింది. పనైపోయాక విండోస్‌ను మళ్లీ మళ్లీ లేపబోతే, కొన్నిసార్లు తప్పిన తరవాత నీలపు తెర వచ్చింది. తాజా నవీకరణను తొలగించమన్నాం. కాఫీ తాగి వచ్చేసరికి విండోస్ యెప్పటిలాగే లేచి కూర్చుంది. ఒక్క ఫైలు చెక్కుచెదరలేదు.

యిందులో గమనించవలసినవి రెండు. పాతర తన పని తాను చేసింది. దానికంటె ముందు, రెండో కాపురం సాయానికి వచ్చింది. డ్యూయల్ బూట్ యింటికి వున్న గొప్ప సుఖం యిదే. విండోస్ పడిపోయినప్పుడు లినక్స్‌లోకి వెళ్లి, విండోస్ గదిలోని ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవచ్చు. లినక్స్‌కు విండోస్ గదిలోకి చూడటం తెలుసు. విండోస్‌కు మాత్రం తనంతట తానుగా లినక్స్ గదిలోకి చూడటం చేతకాదు.

పాతర యెవరిది?

మేలు చెప్పాను గనుక హద్దు కూడా చెప్పాలి. యీ పాతర విండోస్ కాపురానిది. లినక్స్‌కు అందులో గింజ కూడా లేదు. 2024 ఆగస్టులో విండోస్ నవీకరణ ఒకటి వచ్చి, డ్యూయల్ బూట్ యంత్రాలు కొన్నింటిలో లినక్స్‌ను లేవనివ్వకుండా చేసింది. యేదో పెద్ద పొరపాటు జరిగిందని తెరమీద ఒక వాక్యం, అంతే. విండోస్ మాత్రం చక్కగా లేస్తున్నది. దాన్ని అందరికీ పూర్తిగా సర్దేసరికి 2025 మే నెల వచ్చింది. ఆ తొమ్మిది నెలలూ విండోస్ పాతర లినక్స్‌వారికి యే సాయమూ చేయలేదు. చేయలేదు కూడా. లినక్స్ కాపురానికి వేరే యేర్పాటు వుండాలి. ఉబుంటులో మొదలయ్యే చోట రికవరీ మోడ్ అనే చిన్న దారి వుంటుంది. పాప్ ఓయెస్ అనే లినక్స్ అయితే తనకు తానే ఒక పాతర తవ్వుకుంటుంది. తక్కినవారికి లినక్స్ నింపిన పెన్‌డ్రైవే పాతర.

యింతకంటె పెద్ద చిక్కు మరొకటి వున్నది. కొన్ని కంపెనీల పాతరలు తెరిస్తే, విండోస్ గదిని మాత్రమే బాగుచేసి వూరుకోవు. యిల్లంతా పడగొట్టి, దుకాణంలో వున్ననాటిలాగా మళ్లీ కడతాయి. ఆనాడు లినక్స్ గది లేదు గదా! కాబట్టి యీనాడూ వుండదు. ఆనాడు మీ వ్యాసాలు లేవు. యీనాడూ వుండవు.

నా మిత్రులొకరు ప్రధానోపాధ్యాయులుగా పనిచేసి విరమించారు. మా చుట్టుపక్కల వూళ్లు తిరిగి, ముసలమ్మల దగ్గర కూర్చుని, దంపుళ్లపాటలు, పెళ్లిపాటలు, వూరుపేర్ల కథలు రాసుకోవడం ఆయన వ్యసనం. పదకొండు వందల పైచిలుకు పాటలు స్వయంగా టైపు చేశారు. ఆయన మనవడు చదువుకోసం అదే యంత్రంలో లినక్స్ వేసుకున్నాడు. నెలలపాటు రెండు కాపురాలూ సఖ్యంగానే వున్నాయి. ఒకనాడు విండోస్ లేవలేదు. మనవడు వూళ్లో లేడు. మిత్రుడు యంత్రాన్ని బస్తీలో బాగుచేసేవారి దగ్గరకు తీసుకువెళ్లారు. అక్కడి కుర్రవాడు మీట నొక్కి, పాతర మూత తెరిచి, తెరమీద వచ్చిన హెచ్చరికకు "సరే" అని వత్తేశాడు. గంటలో యంత్రం సిద్ధం. తీసుకున్నది కొద్ది డబ్బే.

నేను వెళ్లేసరికి మిత్రుడు ఆ యంత్రం ముందు చేతులు వొళ్లో పెట్టుకుని కూర్చుని వున్నారు.

"యంత్రం బాగానే వుందండీ. కొత్తదానిలాగా వుంది. అదే నా బాధ" అన్నారు.

హైదరాబాదులో పోయిన ఫైళ్లు తీసేవారి దగ్గరకు కూడా పంపించాం. పాతకాలపు తిరిగే డిస్కు అయితే కొంత ఆశ వుండేదేమో. యిది ఎస్ఎస్‌డీ రకం. చెరిపిన చోటును యీ రకం డిస్కులు తామే లోపల్లోపల శుభ్రం చేసుకుంటాయి. తిరిగి వచ్చినదల్లా, మాండలిక పదాలు సరిచూడమని ఆయన అప్పుడప్పుడు నాకు మెయిల్లో పంపిన నూట నలభై పాటలు. పాడిన ముసలమ్మల్లో చాలామంది యిప్పుడు లేరు.

యిందులో పాతర తప్పు చేసిందా? లేదు. అడిగిన పని అడిగినట్లు చేసింది. పాతర యంత్రాన్ని తిరిగి యిస్తుంది. మన రాతను తిరిగి యివ్వదు. యీ ఒక్క తేడా తెలియకపోవడంవల్ల యెన్ని యిళ్లల్లో యెన్ని పెళ్లి ఫొటోలు, యెన్ని వుత్తరాలు, యెన్ని లెక్కలు పోయాయో!

"అయితే పూడ్చేద్దాం" అనేవారికి

యిదంతా విని, మా కాలేజీలో కంప్యూటరు తెలిసిన యువకులు కొందరు యెదురు వాదం చేస్తారు. "యీ కాలంలో పాతర యెందుకండీ? విండోస్‌ను మైక్రోసాఫ్టువారి దగ్గరనుంచే ఉచితంగా దించుకోవచ్చు. విండోస్ 8 నాటినుంచీ లాప్‌టాప్‌లలో లైసెన్సు అంకెలు యంత్రపు చిప్పులోనే వుంటున్నాయి. మళ్లీ వేస్తే తానే గుర్తుపడుతుంది. ఆ యిరవై గిగాబైట్లు వృథా గదా!"

వారు చెప్పినది నిజమే. ఆ ధైర్యం, ఆ నేర్పు వున్నవారికి పెద్ద పాతర లేకపోయినా గడుస్తుంది. కాని దించుకోవాలంటే పనిచేసే మరో యంత్రం కావాలి. అయిదారు గిగాబైట్ల పైన దించగల యింటర్నెట్టు కావాలి. ఆ యంత్రానికి ప్రత్యేకమైన డ్రైవర్లు వెతుక్కోవాలి. అర్ధరాత్రి, వూరికి దూరంగా, యెవరూ తెలిసినవారు లేనిచోట యంత్రం పడిపోతే? బజారులో యే గింజ అయినా దొరుకుతున్నది గదా అని విత్తనం తినేసిన రైతు సంగతే అవుతుంది. అదునుకు బజారు తెరిచి వుండాలిగా!

పైగా విండోస్ తన చిన్న పాతర మీద యిప్పటికీ ఆధారపడి వున్నది. 2024 జనవరిలో వచ్చిన ఒక భద్రతా నవీకరణ, పాతరలో 250 మెగాబైట్ల ఖాళీ లేనందువల్ల యెన్నో యిళ్లల్లో వేసుకోలేక తిరిగిపోయింది. సీ డ్రైవును కొంచెం కుదించి, పాతరను పెంచుకోమని మైక్రోసాఫ్టువారు సలహా యిచ్చారు. సీ డ్రైవుకూ పాతరకూ నడుమ లినక్స్ గది కట్టుకున్నవారికి ఆ సలహా అంత సులువుగా కుదరలేదు. నడుమ గోడ వున్నది మరి!

అలాగని పాతరను దేవుడిలా నమ్మడమూ తగదు. 2025 అక్టోబరు 14న వచ్చిన విండోస్ 11 నవీకరణ తరవాత, పాతర తెర లేచింది గాని అందులో యూఎస్‌బీ కీబోర్డూ మౌసూ పనిచేయలేదు. భోజనం వడ్డించి చేతులు కట్టేసినట్లయింది. 20వ తేదీన మందు పంపారు. ఆ ఆరురోజుల్లో అవసరం పడినవారికి వేరే దారి వుండవలసింది.

గృహస్థులు చేయదగినవి

వాటాలు వేయబోయే యింటికి నేను చెప్పేది యిది. భూమి పంచేముందు కొలతలు రాసుకున్నట్లు, ముందుగా విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, యే వాటా యెంత వున్నదో, పాతర యెక్కడ వున్నదో ఒక కాగితంమీద గీసుకోండి. సీ డ్రైవును కుదించే పని విండోస్‌చేతనే చేయించండి. తన గది సర్దుకోవడం దానికే బాగా తెలుసు. ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయాన్ని తీసివేయండి. అది వుంటే విండోస్ ఆరినట్లు కనబడుతుందిగాని పూర్తిగా ఆరదు. సగం నిద్రలో వున్నవాడి గదిలో లినక్స్ సామాను సర్దితే గొడవే.

లినక్స్ వేసేటప్పుడు తెరమీద రెండు దారులు కనబడతాయి. "విండోస్ పక్కన వేయి" అనేది ఒకటి. "డిస్కంతా చెరిపి వేయి" అనేది మరొకటి. రెండోది యెంచుకుంటే విండోస్, పాతర, ఫైళ్లు సమస్తం మాయం. ఆ తెర దగ్గర తొందర పనికిరాదు. ఆ సమయంలో యింట్లో యెవరినీ పలకరించవద్దని చెప్పండి!

యిప్పటి యంత్రాలు చాలావాటిలో డిస్కుకు తాళం వేసి వుంటుంది. బిట్‌లాకర్ అంటారు. వాటాలు మార్చినా, మొదలయ్యే పద్ధతి మార్చినా అది వులిక్కిపడి 48 అంకెల తాళపుచెవి అడుగుతుంది. అది లేకపోతే పాతర తెరిచినా ఫైళ్లు అందవు. లినక్స్ కిటికీలోంచి చూసినా కనబడవు. ఆ అంకెలు సాధారణంగా మీ మైక్రోసాఫ్టు ఖాతాలో వుంటాయి. యిప్పుడే చూసి, కాగితంమీద రాసి, యింటి దస్తావేజులు పెట్టుకున్నచోట పెట్టండి. యంత్రంలో మాత్రం పెట్టకండి. తాళపుచెవిని పెట్టెలో పెట్టి తాళం వేసినవాడి కథ అవుతుంది.

తరవాత పాతర బతికి వున్నదో లేదో చూసుకోండి. షిఫ్ట్ మీట నొక్కిపట్టి రీస్టార్ట్ అనండి. నీలపు తెర వస్తే వున్నట్లే. యేమీ మార్చకుండా వెనక్కి వచ్చేయండి. ఆ పైన 16 గిగాబైట్లకు తక్కువకాని పెన్‌డ్రైవ్ ఒకటి కొని, 32 అయితే మరీ మంచిది, విండోస్‌లోని రికవరీ డ్రైవ్ అనే సదుపాయంతో పాతర సరుకును అందులోకి యెత్తించండి. ఆ పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు వున్నదంతా చెరిగిపోతుంది గనుక ఖాళీది తీసుకోవాలి. యిలా యెందుకంటే, పాతర యెంత గట్టిదైనా అదే వాకిట్లో వున్నది. డిస్కే పోతే యింటితోపాటు అదీ పోతుంది. వరద వచ్చినప్పుడు వాకిలి మునిగి పాతర మిగలదు. లినక్స్‌కు కూడా అటువంటి పెన్‌డ్రైవ్ మరొకటి.

విండోస్‌ను తిరిగి నాటవలసి వస్తే, "నా ఫైళ్లు వుంచు" అనే దారి ముందు ప్రయత్నించండి. మీ రాతలు, ఫొటోలు వుంటాయి. విడిగా వేసుకున్న సాఫ్ట్‌వేర్లు మాత్రం పోతాయి. మాబోటివారు అను లిపుల సరంజామాను తిరిగి వేసుకోవాలి. అంతేగాని, కంపెనీవారి మీట నొక్కి "దుకాణంలో వున్ననాటి స్థితి"ని మొట్టమొదటే కోరకండి. బాగుచేయడానికి బయటివారికి యిచ్చేటప్పుడు "యిందులో రెండు కాపురాలు వున్నవి, ఫైళ్లు తీయకుండా యేదీ చెరపవద్దు" అని చీటీ రాసి యంత్రానికి అంటించండి. నోటిమాట మరిచిపోతారు. చీటీ మరవదు.

అన్నిటికంటె ముఖ్యమైనది చివర చెబుతున్నాను. మీరు రాసినదీ, తీసినదీ యింకొక ప్రతి యీ యంత్రానికి బయట వుండాలి. బయటి డిస్కులోనో, మెయిల్లోనో, పొరుగూరి చుట్టం దగ్గరో. యే ప్రతి యెక్కడ వున్నదో యింట్లో మరొకరికి తెలిసి వుండాలి. పాతర తవ్వినవాడు చెప్పకుండా పోతే, వాకిట్లో ధాన్యం పెట్టుకుని పస్తులున్న యిళ్లు వుండేవని పెద్దలు చెప్పేవారు. పెద్ద పాతర వుంచడమా, తీసివేయడమా అనేది మీ డిస్కు సైజునుబట్టి మీ యిష్టం. చిన్న పాతరను మాత్రం ముట్టుకోకండి. అది తినే చోటు మీ పిల్లవాడి సెల్‌ఫోనులో ఒక్క సినిమాకు సరిపోయేంత.

నా మిత్రుడికి యిప్పుడు డెబ్బైమూడు. పాత నోటుపుస్తకాలు వెతికి మళ్లీ టైపు చేస్తున్నారు. యిద్దరు ముసలమ్మలు యింకా వున్నారని తెలిసి, మొన్న వాళ్ల వూరు వెళ్లివచ్చారు. ప్రతిరోజూ రాత్రి తొమ్మిదింటికి ఆ రోజు రాసినదంతా నాకు మెయిల్లో వస్తుంది. "చదవకపోయినా సరే, వుంచండి" అని పైన ఒక వాక్యం. నేను చదువుతున్నాను కూడా. మీ యింట్లో అటువంటి ఫైలు యేదో ఒకటి తప్పక వుంటుంది. యీ ఆదివారం యిది చదవడం అయ్యాక, అది యెన్ని చోట్ల వున్నదో ఒక్కసారి లెక్కపెట్టి చూడండి.